నూకాలు వంతు చెరకు సాళ్ళు

ఖాళీ చాప

ఆ సోమవారం ఉదయం బడిలో ఆడపిల్లల చాప ఖాళీగా ఉంది. అయిదుగురు కూర్చునే చాప అది. శుక్రవారం సాయంత్రం దాన్ని చుట్టి మూలన నిలబెట్టింది పైడి. మళ్ళీ వచ్చి పరిచేదీ తనే. ఆ రోజు నేను పరిచాను. గంట కొట్టాను. మగపిల్లలు వచ్చి కూర్చున్నారు. ఆడపిల్లలు ఏరని అడిగితే ఒకడు హిందీలో అన్నాడు, నూకాలమ్మను పొలానికి తోలుకుపోయారు మాస్టర్జీ, ఇక పసిపిల్లల్ని ఎవరు చూస్తారు అని.

ఆ మాటతో నాకు సంగతంతా అర్థమైంది. సువాలో వెలువడే ఇంగ్లీషు పత్రికలో అంతకు ముందు వారం నేను రాసిన ముక్క ఒకటి అచ్చయింది. అది ఎస్టేటు బంగళాకు చేరింది. నూకాలును పొలానికి తోలింది, పైడిని ఇంటి దగ్గర కూర్చోబెట్టింది నా రాతే.

జీవితంలో ఎక్కువ భాగం ఈ ఫిజీ దీవుల్లో చదువు చెప్పాను. ఈ మధ్యే మానేశాను. కొత్తగా పంతుళ్ళయ్యేవాళ్ళు వచ్చి కూర్చుంటే, కూలి లైన్లలో, ఎస్టేటు వాళ్ళు కట్టిన ఆ వరస గదుల్లో, పుట్టిన పిల్లలు అంత బీదరికంలో ఎలా నిలబడి చదివారండీ అని అడుగుతారు. వాళ్ళు ఆశించే జవాబు నాకు తెలుసు. పిల్లల పట్టుదల, తెలివి, దేవుడి దయ అనాలి. నేను మాత్రం ఆ ఖాళీ చాప సంగతి చెబుతాను. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా దాని చుట్టూనే ఉంది.

పత్రిక నుంచి పలకకు

మదరాసులో ఒక దినపత్రికలో మూడేళ్ళు పనిచేశాను. మొదట అచ్చుతప్పులు దిద్దేవాణ్ణి, తర్వాత ఊరి వార్తలు రాసేవాణ్ణి. అక్కడి సంపాదకుడు కఠినుడు. వార్తలో ఊరు, వేళ, మనుషుల సంఖ్య లేకపోతే కాగితం నా మొహాన విసిరేవాడు. ఆయన దగ్గర రాయడం నేర్చుకున్నాను. ఎప్పుడు రాయకూడదో ఆయన నేర్పలేదు.

ఉద్యోగం పోయిన రోజుల్లో రేవు దగ్గర ఒకడు ఫిజీలో రాతపని ఉందన్నాడు. ఓడ దిగాక చేతికి చెరకు కత్తి ఇచ్చారు. అయిదేళ్ళ ఒప్పందం. దాన్నే ఇక్కడ అందరూ గిర్మిట్ అంటారు. నా గిర్మిట్ గురించి ఇక్కడ రాయను. నా కంటే ఎక్కువ పడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. అది ముగిశాక, లౌటోకాకు ఎగువన ఉన్న ఒక ఎస్టేటు లైన్ల పక్కన మిషన్ వాళ్ళు బడి పెడుతూ, ఇంగ్లీషూ హిందీ చదవగలిగినవాడి కోసం వెతికారు. నేను దొరికాను.

బడి అంటే రెల్లు గోడలు, గడ్డి కప్పు. పొద్దున మిషన్ పుస్తకం ప్రకారం హిందీ, ఇంగ్లీషు, లెక్కలు. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడి, బడికొచ్చి ఇంగ్లీషు చదివేవాళ్ళు. బడి వదిలే ముందు ఒక అరగంట తెలుగు అక్షరాలు నేర్పేవాణ్ణి. అది మిషన్ పుస్తకంలో లేదు. పలకలు చాలవు. చిన్నపిల్లలు అరటాకు మీద తుమ్మముల్లుతో రాసేవాళ్ళు. గీత పడ్డచోట కాసేపటికి నల్లగా తేలేది. ఆకు వాడితే పాఠం కూడా పోయేది. అందుకని ఆ రోజు పాఠం ఆ రోజే కంఠతా పట్టేవాళ్ళు. పిల్లల జ్ఞాపకశక్తిని చూసి మిషన్ వాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. పలకలు పంపమని నేను రాసిన ఉత్తరాలను చూసి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

పైడికి అప్పుడు పదకొండేళ్ళు ఉంటాయి. సన్నగా, నల్లగా, ఏది అడిగినా ఒక్క క్షణం ఆగి జవాబు చెప్పే పిల్ల. తల్లి అప్పయ్యమ్మ విశాఖపట్నం వైపు మనిషి. కలుపు తీసే ఆడవాళ్ళ ముఠాలో పనిచేసేది. తండ్రి చెరకు నరికే ముఠాలో ఉండేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. పట్నం అవతల మిషన్ వాళ్ళ ఆడపిల్లల వసతి బడి ఉండేది. అక్కడ చేరిన పిల్ల పంతులమ్మ అయ్యేది. మా వైపు ఎస్టేట్లన్నిటికీ కలిపి ఏడాదికి ఒక్క చోటు, అదీ పరీక్ష మీద. పైడి దానికి చదువుతోంది. వచ్చే సీజనుకు ఆ పిల్లకు పార ఇచ్చి తల్లి పక్కన నిలబెడతానని ముఠా మేస్త్రీ, సర్దార్, అప్పటికే చెప్పేశాడు. పరీక్ష నెగ్గితే సుద్దముక్క, లేకపోతే పార. మధ్యలో ఇంకో దారి లేదు.

ఒకసారి అప్పయ్యమ్మ నాతో అంది, “నా గుంట సేతికి పార రాకూడదు పంతులుగారూ. మిగతాదేటయినా రానీండి.”

తొమ్మిది మంది ముఠా

కొత్తవాళ్ళకు లైన్ల సంగతి కొంచెం చెప్పాలి. రోజుకు ఒక్కొక్కరికి ఇంత పని అని కొలిచి ఇచ్చేవాళ్ళు. దాన్ని టాస్కు అనేవాళ్ళు. సర్దార్ కొలత కర్రతో సాళ్ళు కొలిచి, ఇక్కడి నుంచి అక్కడి దాకా నీది అని చూపేవాడు. పైన గుర్రం మీద తెల్ల దొర. మనవాళ్ళు ఆయన్ను కులంబర్ అనేవాళ్ళు. టాస్కు పూర్తి కాకపోతే ఆ రోజు కూలి లేదు. పనికి రాకపోతే కోర్టు.

మా లైన్లో కలుపు తీసే ఆడవాళ్ళు తొమ్మిది మంది. వాళ్ళలో నూకాలు పెద్దది. కాళ్ళు వాచి సాలులో నిలబడలేకపోయేది. మిగతావాళ్ళలో ఏడుగురికి చంటిపిల్లలున్నారు. తల్లులు పొలానికి పోతే చంటిపిల్లల్ని ఎత్తుకునేది పెద్ద ఆడపిల్లలే. అందుకే చాలా లైన్లలో ఆడపిల్లలు బడి మొహం చూడలేదు. కొన్ని ఎస్టేట్లలో పసిపిల్లలకు ఒక పాక, ఒక ఆయా ఉన్నారని వినేవాళ్ళం. మాకు లేదు.

ఈ ఆడవాళ్ళు ఎవరినీ అడక్కుండా తమలో తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. నూకాలు లైన్లోనే ఉండి పసిపిల్లల్ని చూస్తుంది. ఆమె వంతు సాళ్ళను ఎనిమిది మందీ పంచుకుని తీస్తారు. ఒక్కొక్కరూ తన టాస్కు అయ్యాక పక్కకు జరిగి, నూకాలు సాల్లో కొంత దూరం కలుపు తీసి మరీ ఇంటికొచ్చేది. సర్దార్ సాయంత్రం కొలిస్తే తొమ్మిది వంతులూ పూర్తయి ఉండేవి. నూకాలు పేరు ఎదురుగా హాజరు పడేది. ఆయన మంచివాడేం కాదు, చేతిలో కొరడా ఉండేది. కానీ పని పూర్తయితే ఎవరు చేశారని అడిగేవాడు కాదు.

దాని వల్లే అయిదుగురు ఆడపిల్లలు నా బడికి వచ్చారు. నేను బాగా చెబుతున్నాను కాబట్టి వస్తున్నారని ఏడాది పాటు అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం లైన్ల వైపు వెళితే, గుమ్మంలో కాళ్ళు చాపుకుని నూకాలు, ఆమె చుట్టూ ఏడుగురు పసివాళ్ళు. ఒకడు ఆమె కడియం కొరుకుతున్నాడు. ఏమిటిదని అడిగితే నవ్వి, “నాదీ బడే బాబూ. మీ బడి కన్నా గోల ఎక్కువ” అంది. అప్పుడు అడిగి తెలుసుకున్నాను.

నేను రాసింది

పాత అలవాటు చేతిలోంచి పోదు. అంత గొప్ప విషయం నాలుగు లైన్ల గదుల మధ్య ఉండిపోవడం నాకు అన్యాయం అనిపించింది. ఇంగ్లీషులో చిన్న ముక్క రాశాను. లౌటోకా ఎగువన ఫలానా దిక్కున ఒక ఎస్టేటులో ఎనిమిది మంది ఆడకూలీలు తమ పని ముగిశాక తొమ్మిదో ఆమె పని కూడా చేసి, తమ ఆడపిల్లలను బడికి పంపుతున్నారని రాశాను. ఇలాంటి తల్లులున్న చోట పలకలు కూడా లేవని చివర చేర్చాను. చదివినవాళ్ళు పలకలు పంపుతారని ఆశ. ఊరు ఉంది, వేళ ఉంది, సంఖ్య ఉంది. మదరాసు సంపాదకుడు చూస్తే ఒక్క అక్షరం కొట్టేసేవాడు కాడు. పేర్లు రాయలేదు. పేర్లు లేవు కదా, ఎవరికీ ఏమీ కాదని అనుకున్నాను.

కులంబర్ ఆ ముక్క చదివి కోప్పడలేదట. నవ్వాడట. సోమవారం పొద్దున గుర్రం మీద వచ్చి, తమ పని ముగిశాక ఇంకొకరిది కూడా చేయగలుగుతున్నారంటే టాస్కు తక్కువగా ఉన్నట్టే కదా అన్నాడట. ఎనిమిది మందికీ నూకాలు సాలులో తీస్తున్నంత దూరం టాస్కులో కలిపాడు. నూకాలుకు ఆమె సాళ్ళు వేరే కొలిపించాడు. సర్దార్ కర్ర పట్టుకుని, తల ఎత్తకుండా కొలిచాడు.

ప్రేమతో చేసిన పని అలా కొలతలోకి ఎక్కింది.

ఆ సాయంత్రం లైన్లకు వెళ్ళాను. ఆడవాళ్ళు అప్పుడే వచ్చి పొయ్యిలు ఊదుతున్నారు. నేను చెప్పదలచుకున్నది మొత్తం చెప్పాను. తప్పు నాదే, క్షమించమన్నాను. అప్పయ్యమ్మ పొయ్యి మీంచి కన్ను తీయకుండా అంది:

“మా మంచికే రాసినారు. కాదన్ను. కాగితం మీ సేతిలోంచి ఎల్లిపోనాక మీ మాట ఇంటాదేటి?”

పక్క గుమ్మంలో చిన్నమ్మి ఊరుకోలేదు. మాట పదునైన మనిషి ఆమె. “మా పేర్లు రాయనేదంట, అదో పున్నెం. ఈ లైన్ల కలుపు తీసే ఆడోల్లం ఎంతమందిమో కులంబరుకి తెల్దేటి? నిన్నటి దాకా నూకాలప్ప కోసం తీసినాం. ఇయ్యాల దొర కోసం తీస్తన్నాం. సాలు అదే.”

నూకాలు మాత్రం కాళ్ళకు వేడినీళ్ళ గుడ్డ చుట్టుకుంటూ, పలకలేమైనా వచ్చాయా బాబూ అని అడిగింది. రాలేదన్నాను. ఎప్పటికీ రాలేదు.

రెల్లు గోడ బయట

మర్నాడు పైడి వచ్చింది. చంకలో ఏడాది తమ్ముడు. లోపలికి రాలేదు, గుమ్మం బయట నిలబడింది. పసిపిల్లలను బడిలోకి తేకూడదని మిషన్ వాళ్ళు రాసిన నియమాల కాగితం గుమ్మం పక్కనే అంటించి ఉంది. ఆ కాగితం చదవడం నేర్పింది నేనే.

ఇక్కడ నా రెండో తప్పు. ఆ రోజు నేను పైడిని లోపలికి పిలవలేదు. నియమం మీరితే బడి మూసేస్తారని భయం. తమ్ముణ్ణి ఎక్కడైనా వదిలి రమ్మన్నాను. ఎక్కడ వదలాలో నాకు తెలియదు, ఆ పిల్లకూ తెలియదు. ఆ పిల్ల వెళ్ళి రెల్లు గోడకు ఆనుకుని బయట కూర్చుంది. రెల్లు సందుల్లోంచి కళ్ళు కనిపించాయి.

“మాస్టర్జీ, తమ్ముడు ఏడవడు. బోర్డు కొంచెం ఇటు తిప్పుతారా?”

తిప్పాను. రెండో రోజూ అలాగే జరిగింది. బయటి నుంచి పైడి చెప్పిన జవాబులు లోపలివాళ్ళ జవాబుల కంటే ముందు వచ్చేవి. మూడో రోజు పెద్ద వాన. ఆ పిల్ల అరటాకు ఒకటి తమ్ముడి మీద పట్టి, తాను తడుస్తూ కూర్చుంది. అప్పుడు నియమాల కాగితం చింపేశాను. ధైర్యంతో చింపానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. సిగ్గుతో చింపాను.

ఉయ్యాల ఆలోచన పైడిదే. అప్పయ్యమ్మ పాత చీర ఒకటి పైకప్పు వాసానికి కట్టి, తాడు చివర తన కాలి బొటనవేలికి చుట్టుకుంది. కాలు ఆడుతుంటే ఉయ్యాల ఊగేది. చేయి పలక మీద రాస్తూ ఉండేది. వారం తిరిగేసరికి మిగతా నలుగురూ వచ్చారు, వాళ్ళ చంటిపిల్లలతో. వాసానికి మరి మూడు చీరలు వేలాడాయి. చంటిపిల్లలు ఏడుగురు, చీరలు నాలుగు. ఎక్కువ ఏడ్చేవాడికి ఉయ్యాల, మిగతావాళ్ళకు చాప. నేను లెక్క చెబుతూ ఉంటే మధ్యలో ఒకడు లేచి నా పంచె పట్టుకుని నిలబడేవాడు. వాణ్ణి ఎత్తుకుని చెప్పేవాణ్ణి. ఆ నెలల్లో నేను చెప్పినంత బాగా అంతకు ముందు ఎప్పుడూ చెప్పలేదు. ఏ బిడ్డా మేలుకోకముందే విషయం తేల్చేయాలి. అనవసరమైన మాట ఒక్కటీ ఉండేది కాదు.

పైడి రాత చూస్తే ఎవరి పలకో ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్షరాలు కాలి ఊపుతో పాటు ఎడమకూ కుడికీ కొద్దిగా ఒరిగి ఉండేవి. నేను దిద్దలేదు.

పాద్రీ గారి షరతు

మా బడి చూసుకునే పాద్రీ గారు నెలకోసారి వచ్చేవారు. పొడుగు మనిషి, హిందీ మా అందరికంటే శుద్ధంగా మాట్లాడేవారు. ఆయన గురించి మంచీ చెడూ రెండూ చెప్పాలి. పిల్లల మీద చేయి ఎత్తడం ఆయనే మాన్పించారు నాచేత. మొదటి ఏడాది నేను బెత్తం వాడేవాణ్ణి. ఒకసారి పాఠంలో నిద్రపోయిన పిల్లవాణ్ణి కొట్టబోతే నా చేయి పట్టుకుని, రేపు తెల్లవారుజామున లైన్లకు వెళ్ళి వీడు ఎన్నింటికి లేస్తున్నాడో చూసి వచ్చి కొట్టు అన్నారు. వెళ్ళి చూశాను. మళ్ళీ కొట్టలేదు. కానీ ఎస్టేటు దొరలతో తగువంటే ఆయనకు పడదు. భూమి వాళ్ళది, బడి వాళ్ళ దయ అనేవారు.

ఉయ్యాలలు చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. ఇది బడా, పురిటి ఇల్లా అన్నారు. నేను జవాబు చెప్పేలోగా పైడిని లేపి ఇంగ్లీషు పాఠం చదవమన్నారు. పైడి లేవలేదు. లేస్తే తాడు లాగుతుంది, బిడ్డ మేలుకుంటుంది. కూర్చునే చదివింది, ఒక్కచోట కూడా ఆగకుండా. తర్వాత ఆయన నోటిలెక్కలు అడిగారు. అన్నీ చెప్పింది, కాలు ఆడుతూనే ఉంది. ఆయన వెళ్ళేటప్పుడు నాతో, చినిగిన కాగితం నేను చూడలేదు అన్నారు. కానీ పరీక్ష రోజు మాత్రం గదిలో ఒక్క పసిబిడ్డ ఉండకూడదు, పరీక్ష పరీక్షలా జరగాలి అన్నారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పరీక్ష మాత్రం పనిదినం నాడు. ఆదివారం పెట్టమని అడిగాను. ఆదివారం ఆయనకు కుదరదు.

పరీక్ష రోజు

కబురు లైన్లకు తీసుకెళ్ళాను. అప్పయ్యమ్మ ఆ రోజు సెలవు అడుగుతానంది. అడిగింది. కులంబర్ ఇవ్వలేదు. చెప్పకుండా ఆగిపోతానంది. ఆమె మీద అప్పటికే ఒక గైరుహాజరు కేసు ఉంది, ఇంకొకటైతే ఎక్కువ శిక్ష పడుతుంది. ఆడవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి నూకాలు తేల్చింది.

“నానుంటాను. నా కాళ్ళు ఎలగా సాల్లో నిలబడవు. జైల్లో అయితే కూసోబెడతారు కదేటి.”

చిన్నమ్మి, “జైల్లో కూసోబెడతారని ఎవులు సెప్పినారే అప్పా, నీ పెనిమిటేటి?” అంది. అందరూ నవ్వారు. నూకాలు కూడా నవ్వింది. ఆ నవ్వుతో విషయం ఖాయమైంది.

పరీక్ష రోజు పొద్దున పని గంట కొట్టినప్పుడు నూకాలు కదల్లేదు. లైన్ల ముందు చాప వేసుకుని, ఏడుగురు పసివాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుంది. పాద్రీ గారి కోసం ఎదురుచూస్తూ నేను దారిలో నిలబడి ఉన్నాను, అంతా కనిపించింది. కులంబర్ గుర్రం వచ్చి ఆమె ముందు ఆగింది. సర్దార్ వెనకనే ఉన్నాడు. ఎందుకు పనికి రాలేదని కులంబర్ అడిగాడు. ఈ ఏడుగుర్నీ చూడాలి, అదే నా పని అంది. పేరు రాసుకుంటానన్నాడు. నూకాలు అతని వైపు కాక నా వైపు చూసి, వచ్చీ రాని హిందీలో అంది:

“లిఖ్ లో సాహెబ్. మా పంతులు రాసినాడు కదా. నువ్వూ రాసుకో.”

ఒక చంటివాడు ఆమె ఒళ్ళోంచి పాకి గుర్రం కాళ్ళ వైపు పోతుంటే, సర్దారే వంగి వాణ్ణి ఎత్తి చాప మీద పెట్టాడు. కులంబర్ పుస్తకం తీసి రాసుకుని వెళ్ళిపోయాడు.

బడిలో పైడి చాప మీద ఒక్కతే కూర్చుంది. మిగతా పిల్లల్ని ఆ రోజు బయట చెట్ల కింద కూర్చోబెట్టాను. వాసానికి చీరలు ఖాళీగా వేలాడుతున్నాయి. పాద్రీ గారు కాగితాలు ఇచ్చారు. పైడి రాయడం మొదలుపెట్టింది. కొంతసేపటికి చూస్తే, కాలికి తాడు లేకపోయినా బొటనవేలు ఆడుతూనే ఉంది. పాద్రీ గారు కూడా చూశారు.

సాయంత్రానికి ఆయన అక్కడే కూర్చుని దిద్దారు. తప్పులు చాలా తక్కువ. ఈ వైపు ఎస్టేట్లలో ఇంత బాగా రాసిన పిల్ల లేదని అందరి ముందూ చెప్పారు. కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళారు.

కోర్టు

పది రోజులకు నూకాలు కేసు వచ్చింది. నేనూ వెళ్ళాను, వెనక బల్ల మీద కూర్చున్నాను. జేబులో పెన్సిలు ఉంది, చేయి దాని మీదకే పోతోంది. విచారణ ఎంతోసేపు పట్టలేదు. పనికి ఎందుకు రాలేదన్న ప్రశ్నకు ఆమె, పసిపిల్లల్ని చూస్తున్నాను అంది. అది కారణం కాదన్నారు. కొన్నాళ్ళు జైలు. అప్పటి చట్టం ప్రకారం ఆ రోజులన్నీ ఆమె గిర్మిట్‌కు చివర చేరతాయి.

బయట పోలీసు పక్కన నిలబడి ఉంటే దగ్గరికి వెళ్ళాను. ఈసారి ముందు ఆమెనే అడిగాను, ఇది రాయనా అని.

నూకాలు ఆలోచించింది. “ఒద్దు బాబూ. మిగతావోల్లు ఇంకా పొలంలో ఉన్నారు. అందరి గిర్మిట్ అయిపోనాక రాయి.”

అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

జైల్లో ఆమెను కూర్చోబెట్టలేదు. గోనెసంచులు కుట్టించారు. తిరిగొచ్చాక చిన్నమ్మికి ఆ సంగతి తనే చెప్పి ముందుగా తనే నవ్వింది.

తర్వాత జరిగింది

పైడికి వసతి బడిలో చోటు రావాలి. రాలేదు. మిషన్ బడి కూలీలకు మొండితనం నేర్పుతోందని ఎస్టేటు నుంచి ఉత్తరం వెళ్ళిందని తర్వాత తెలిసింది. ఈ ఏడు వేడి చల్లారనిద్దాం, వచ్చే ఏడు తప్పక ఇద్దామన్నారు పాద్రీ గారు. వచ్చే ఏడు రాకముందే ఆయన వేరే దీవికి మారిపోయారు. కొత్తగా వచ్చినాయన పైడి వయసు దాటిందన్నారు. పరీక్ష కాగితాలు తమ దగ్గర లేవన్నారు.

పార సంగతేమిటని మీరు అడుగుతారు. పార రాలేదు. చిన్నపిల్లలకు చదువు చెప్పడానికి పైడిని బడిలోనే పెట్టుకున్నాను. మిషన్ ఆ పనికి ఏమీ ఇవ్వలేదు. ముఠాలోని మిగతా ఎనిమిది మంది ఆడవాళ్ళు వాళ్ళ రేషన్ బియ్యంలోంచి పిడికెడు పిడికెడు తీసి పైడి ఇంటికి పంపేవాళ్ళు. సర్దార్ పార మాట ఎత్తితే చిన్నమ్మి, “మా మాస్టరమ్మని పొలానికి తోల్తావేటి? నీ మనవలికి సదువు నువ్వు సెప్తావా?” అనేది. సర్దార్ మనవలు మా బడిలోనే చదివేవాళ్ళు.

గిర్మిట్ రద్దయింది. జనం లైన్లు వదిలి లోవు అనే చోటి వైపు భూములు కౌలుకు తీసుకున్నారు. బడి కూడా అక్కడికి మారింది. పైడి అక్కడ చదువు చెబుతోంది. ఈ రోజు పొద్దున కూడా చెప్పింది. పసిబిడ్డతో వచ్చిన పిల్లను ఆమె ఇంతవరకూ వెనక్కి పంపలేదు. గది వెనక వాసానికి ఇప్పటికీ రెండు చీరలు కట్టి ఉంటాయి. ఆమె దగ్గర చదివిన ఆడపిల్లల్లో ముగ్గురు వసతి బడికి వెళ్ళి సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. ఒకమ్మాయి నటబువా వైపు పనిచేస్తోంది. నూకాలు తన గిర్మిట్, ఆ పైన కలిపిన రోజులు అన్నీ పూర్తి చేసుకుని లంబాసా వైపు బంధువుల దగ్గరకు వెళ్ళింది. వెళ్ళే ముందు పైడి చేత తన పేరు తెలుగులో రాయించుకుని, అరటాకు కాబట్టి వాడిపోతుందని తెలిసి కూడా, మడిచి కొంగున కట్టుకుంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇది. ఒక బీద పిల్ల రోజూ బడికి వస్తుంటే ఆ పిల్ల గట్టిది అని మెచ్చుకుని ఊరుకోవద్దు. గట్టిదే. కానీ ఆ పిల్ల చేయవలసిన పని ఆ వేళప్పుడు ఇంకెవరో చేస్తున్నారు. అది ఎవరో తెలుసుకోండి. తెలుసుకున్నాక మీటింగుల్లో చెప్పకండి, ఇన్‌స్పెక్టరుకు గొప్పగా చూపించకండి. ఇంకొకరి సాయం బయటపెట్టే ముందు, బయటపెడితే నష్టం ఎవరికో ఆలోచించి, వాళ్ళను అడగండి. చేతనైతే ఆ బరువులో కొంత మీరు ఎత్తుకోండి. ఏడ్చే బిడ్డను చంకనేసుకుని లెక్క చెప్పడం కష్టమేమీ కాదు. రెండు రోజుల్లో అలవాటవుతుంది.

నియమాల కాగితం విషయంలో మీ ఇష్టం. నేను మూడో రోజు దాకా ఆగాను. మీరు ఆగనక్కర్లేదు.

పోయిన ఏడాది విద్యాశాఖ వాళ్ళు, సర్టిఫికెట్ లేనివాళ్ళను పంతుళ్ళుగా గుర్తించలేమని బళ్ళన్నిటికీ రాశారు. పైడి తన పరీక్ష సంగతి రాసి పంపింది. నేను సాక్షిగా సంతకం చేశాను. ఒక మనిషి మాట చాలదు, కాగితాలు కావాలన్నారు. మిషన్ వాళ్ళ పాత పెట్టెలు కొన్ని సువాలో ఉన్నాయి, కొన్ని సముద్రం దాటి వెళ్ళాయట. రెండు చోట్లకూ ఉత్తరాలు రాశాం. సువా పెట్టెల్లో లేవని జవాబు వచ్చింది. రెండో చోటు నుంచి జవాబు లేదు. పైడి రాసిన పరీక్ష కాగితాలు ఎక్కడున్నాయో ఈ రోజు వరకూ ఎవరికీ తెలియదు.